గీకని నెగటివ్

నా పనితనం చూసి ఎవరూ నా చేతికి కెమెరా ఇవ్వలేదు. మగవాళ్ళు అడుగు పెట్టకూడని గది ఒకటి ఉంది కాబట్టి ఇచ్చారు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఈ మధ్య మా పేటలో కొందరు నా గురించి "చదువుకున్న పిల్ల, ధైర్యం ఎక్కువ" అంటున్నారట. నాకున్న ధైర్యం ఎంతో నాకు తెలుసు. నా పిల్ల ఒళ్ళు కాస్త వెచ్చబడితే అన్నం మానేసి కూర్చునే మనిషిని. అయినా చేసిన పని చేశాను. దానికి ఎవరికీ క్షమాపణ చెప్పుకోదలచుకోలేదు.

ఎమర్జెన్సీ రావడానికి ముందు సంవత్సరం సంగతి. బెజవాడ భవానీపురంలో మా కాపురం. మా ఆయన ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో స్టోర్ కీపరు. నేను కెమిస్ట్రీతో బి.ఎస్సీ. పాసయ్యాను. టీచరు ఉద్యోగానికి అప్లికేషన్ పెడదామని గవర్నరుపేటలో ఒక స్టూడియోకి ఫోటో దిగడానికి వెళ్ళాను. నా ఫోటో చేతికి వచ్చేసరికి మొహమంతా ఇసుక చల్లినట్టుంది.

"ఫోటో కడిగే మందు వేడెక్కిందండి. మే నెల కదా, ఐసు ముక్కల మధ్య పెట్టి కడగాలి" అన్నాను స్టూడియో యజమానితో.

"నువ్వేమన్నా ఫోటోగ్రాఫరువా అమ్మాయ్?"

"కాదండి. కెమిస్ట్రీ."

ఆయన పెద్దగా నవ్వాడు. తర్వాతి వారం ఐసు తెప్పించాడట. ఆ తర్వాతి వారం నాకు కబురు పెట్టి పని ఇచ్చాడు, టచింగ్ పని. టీచరు ఉద్యోగం రాలేదు. ఇదే నా ఉద్యోగమైంది.

టచింగ్ అంటే తెలియనివాళ్ళకి చెబుతాను. నెగటివ్‌లో తెలుపు నల్లగా, నలుపు తెల్లగా ఉంటుంది. బాగా చెక్కిన పెన్సిల్‌తో నెగటివ్ మీద చుక్కలు పెడితే ఫోటోలో ఆ చోట తెల్లబడుతుంది. మొటిమలు, మశూచి మచ్చలు అలా పోతాయి. సన్నటి కత్తితో గీకితే ఆ చోట నల్లబడుతుంది. అక్కర్లేనివి అలా చీకట్లో కలిసిపోతాయి. పెళ్ళివారి వెనక గోడ మీద బల్లి, పక్కన నిలబడ్డ పిలవని చుట్టం, అన్నిటినీ గీకాను. వెలుతురు ఒక మొహం మీద ఎక్కడ పడితే బాగుంటుందో, ఎక్కడ పడితే మనిషి పదేళ్ళు ముసలివాడవుతాడో ఆ బల్ల దగ్గరే నేర్చుకున్నాను. నేర్చుకున్న కొద్దీ తీసినవాళ్ళ మీద కోపం వచ్చేది. వీళ్ళు సరిగ్గా తీస్తే నాకీ పెన్సిల్ ఎందుకు అనిపించేది.

కెమెరా ఒకసారి ఇమ్మని అడిగాను.

"మెడలో కెమెరా వేసుకుని బజార్లో తిరుగుతావా? మీ అత్తగారు నా స్టూడియో మీదకొస్తారమ్మా" అన్నారు మాస్టారు. నేనాయన్ని మాస్టారు అనేదాన్ని.

మా అత్తగారు అప్పటికే నా మీదకొస్తున్నారు. "ఆ మందు చేతుల్తోనే పిల్లకి పాలిస్తావా?" అని రోజూ అడిగేవారు. చేతులు సబ్బుతో రెండుసార్లు, ఉత్త నీళ్ళతో మూడోసారి కడిగేదాన్ని. వేళ్ళ సందులు పగిలిపోయాయి. అయినా బల్ల వదల్లేదు.

దసరా వెళ్ళాక కంకిపాడు నుంచి ఒక రైతు వచ్చాడు. బాగా పొలం ఉన్న మనిషి. కూతురు పెద్దమనిషి అయింది, పూలజడ వేయించి ఫోటో తీయించాలి. ఇంట్లో ఆడవాళ్ళు మాత్రం మగ ఫోటోగ్రాఫరు గదిలోకి రావడానికి వీల్లేదంటున్నారు. మాస్టారు ఒక్క నిమిషం గడ్డం గోక్కుని నా బల్ల వైపు చూశారు.

"మా అమ్మాయి వస్తుందండి. బి.ఎస్సీ." అన్నారు.

అలా వచ్చింది కెమెరా. పన్నెండు ఫోటోలు పడే ఒక్క రీలు, ఒక స్టాండు. "ఇది బాగా వస్తే మాఘంలో పెళ్ళిళ్ళకి నిన్నే పంపిస్తా" అన్నారు. నాకు ఆ రోజు ఆ మాట తప్ప ఇంకేమీ వినపడలేదు. పెళ్ళి! మొత్తం పెళ్ళి నా కెమెరాలో.

నా పిల్లకి అప్పటికి ఏడో నెల. పాలు తాగే పిల్లని వదిలి వెళ్ళలేను కాబట్టి చంకనేసుకుని, భుజానికి కెమెరా తగిలించుకుని బస్సెక్కాను. కండక్టరు స్టాండు చూసి "గొడుగులమ్ముతారామ్మా?" అని అడిగాడు.

ఆ ఇంటి గుమ్మంలో ఒకావిడ కుంకుమ భరిణెతో ఎదురొచ్చింది.

"మేం పెట్టుకోమండీ. క్రైస్తవులం" అన్నాను.

ఆవిడ చెయ్యి గాల్లో ఆగిపోయింది. వెనక నుంచి ఎవరో "పోనీలేవే, ముత్తైదువేగా, చంకలో పిల్లుంది" అన్నారు. లోపలికి రానిచ్చారు.

ఫోటో తీయాల్సిన గదిలో గోడకి ఆనించి టేకు బీరువా, దానికి నిలువెత్తు అద్దం. పూలజడ ఫోటో ఎలా తీస్తారో మన వైపు అందరికీ తెలుసు. పిల్ల వీపు అద్దం వైపు ఉండాలి, మొహం మన వైపు ఉండాలి. మొహమూ, జడ మొత్తమూ ఒకే ఫోటోలో పడాలి. మామూలుగా ఫోటోగ్రాఫర్లు అద్దాన్ని అటూ ఇటూ వంచుతారు. బీరువా ఎలా వంగుతుంది? కాబట్టి నేనే జరగాలి. ఫ్లాష్ వేస్తే అద్దంలో భగ్గుమంటుంది. కిటికీ వెలుతురుతోనే, స్టాండు మీద పెట్టి, పిల్లని అరక్షణం ఊపిరి బిగబట్టమని తీయాలి.

నా పిల్ల ఏడుపు అందుకుంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు చామంతులూ కనకాంబరాలూ సర్దుతూ, వచ్చినవాళ్ళకి పసుపు రాస్తూ ఉన్నారు. చేతులు ఖాళీ ఉన్నది ఒక్క మనిషికే. గడప అవతల, హాల్లో, తెల్లచీర కట్టుకుని నిలబడి ఉన్న ముసలావిడ. పూలజడ పిల్లకి నాయనమ్మ. తెల్లారుజామున లేచి పులిహోరకి చింతపండు పిసికింది ఆవిడేనట. ఆవిడ చేతి పులిహోర అందరికీ పనికొచ్చింది. ఆ గదిలోకి మాత్రం ఆవిడ రాకూడదు, భర్త పోయిన మనిషి కాబట్టి.

"ఇలా తే అమ్మా పిల్లని" అంది గడప దాటకుండానే చేతులు చాపి.

ఇచ్చాను. నా మొహం వైపు పరకాయించి చూసింది. "నీకూ బొట్టు లేదు, నాకూ లేదు. నువ్వు లోపల, నేను బయట. భలే ఉందే!" అని పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. మనసులో గర్వపడ్డాను కూడా. మా చర్చిలో భర్త పోయినవాళ్ళు ముందు వరసలో కూర్చుంటారు, మాకీ పిచ్చి పట్టింపులు లేవు అనుకున్నాను.

ఎవరి చేతుల్లోనూ నిద్రపోని నా పిల్ల ఆవిడ చేతుల్లో రెండు నిమిషాల్లో నిద్రపోయింది.

తర్వాత నేను చేసిన పొరపాటు ఇది. కెమెరా పైనుంచి తల వంచి అద్దంలో నా కోసం వెతుక్కున్నాను. నేను కనపడకూడదు, స్టాండు కాళ్ళు కనపడకూడదు. పక్కకి జరిగాను, మళ్ళీ జరిగాను, చివరికి నేను అద్దంలోంచి పూర్తిగా తప్పుకున్నాను. సంతోషంతో నొక్కేశాను. నేను తప్పుకున్న చోట గుమ్మం పడిందని చూసుకోలేదు. మొహమూ జడా రెండూ స్పష్టంగా రావాలని లెన్సు కన్ను బాగా చిన్నది చేశాను. దాంతో గుమ్మమూ స్పష్టంగా వచ్చింది.

ఫోటో కడిగి చూసిన మాస్టారు ముందు "అబ్బ!" అన్నారు. నిజంగానే అన్నారు, నేను విన్నాను. తర్వాత భూతద్దం తీసుకున్నారు. అద్దంలో జడ పక్కన, చీకటి గుమ్మంలో, నాయనమ్మ. మనవరాలి వైపే చూస్తోంది. చేతుల్లో నా పిల్ల.

పూలజడ పిల్ల తండ్రి ఫోటోలు చూసుకోవడానికి వచ్చాడు. మంచివాడే. అరవలేదు. ఫోటో బల్ల మీద పెట్టి రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.

"మా అమ్మేనండీ. కాదంటానా? కానీ శుభమా అని తీయించుకున్న ఫోటో. రేపు పిల్లకి సంబంధాలొస్తే గోడ మీద చూసి నలుగురూ ఏమంటారు?"

"రేపటికల్లా తీయించేస్తానండీ. టచింగ్‌లో మా అమ్మాయిని మించినవాళ్ళు బెజవాడలో లేరు" అన్నారు మాస్టారు.

ఆయన వెళ్ళాక నా వైపు తిరిగారు. "చూడమ్మా. ఇది నీట్‌గా చేసివ్వు, మాఘం పెళ్ళిళ్ళు నీవి. లేదంటే బల్లే. కెమెరా మాట మళ్ళీ ఎత్తకు."

అందులో ఆలోచించాల్సింది ఏముంది? అంతకుముందు ఎందరిని గీకలేదు! నెగటివ్, ఫోటో రెండూ ఇంటికి తెచ్చుకుని, కిటికీ వెలుతురు నెగటివ్ గుండా పడేలా టచింగ్ పెట్టె పెట్టుకుని కూర్చున్నాను. తెల్లచీర కాబట్టి నెగటివ్ మీద ఆవిడ నల్లగా, పెసరగింజంత ఉంది. గీకితే వెనక చీకట్లో కలిసిపోతుంది, పది నిమిషాల పని. కత్తి ఆనించాను.

ఆవిణ్ణి గీకితే పిల్లని కూడా గీకాలి. ఆవిడ చేతుల్లోనే కదా ఉంది.

నా చెయ్యి కదల్లేదు. నేను కెమిస్ట్రీ చదివాను. అది జిలెటిన్ మీద వెండి మసి అని నాకు తెలుసు. పక్కన ఉయ్యాల్లో పిల్ల నిక్షేపంగా నిద్రపోతోందనీ తెలుసు. అయినా లేచి వెళ్ళి దాని నుదురు పట్టుకుని చూశాను. చల్లగా ఉంది. మళ్ళీ వచ్చి కూర్చున్నాను. మళ్ళీ లేచాను. అలా నాలుగుసార్లు.

"ఏంటలా తిరుగుతున్నావు?" అన్నారు మా ఆయన. చెప్పాను. "ఇంతే ఉన్న బొమ్మకా?" అని చిటికెనవేలు గోరు చూపించారు.

ఫోటోలంటేనే గిట్టని మా అత్తగారు వంటింట్లోంచి వచ్చారు. "మనకిలాంటి నమ్మకాలు లేవురా" అని మా ఆయనతో అన్నారు. వెంటనే నా వైపు తిరిగి "అయినా పసిదాని మొహం మీద కత్తేంటే? బుద్ధుందా?" అన్నారు. నా పెళ్ళయ్యాక మా ఇద్దరి మాటా కలిసింది అప్పుడే.

పొద్దున్నే స్టూడియోకి వెళ్ళకుండా పిల్లని ఎత్తుకుని కంకిపాడు బస్సెక్కాను. ఆ ఇంటి వసారాలో తండ్రి, తల్లి, పూలజడ పిల్ల ఉన్నారు. నాయనమ్మ స్తంభం పక్కన కూర్చుని బియ్యం ఏరుతోంది. ఫోటో తండ్రి చేతికిచ్చాను.

"ఇంకా తీయలేదే?" అన్నాడు.

"తీయనండి."

"తీయలేకపోతున్నావా, తీయవా?"

"తీయనండి. ఆవిడ చేతుల్లో ఉన్నది నా కూతురు. ఆవిణ్ణి గీకితే నా పిల్లనీ గీకాలి."

"పిల్లని ఉంచి మా అమ్మని ఒక్కదాన్నే తీసెయ్యొచ్చుగా?"

"అప్పుడు పిల్ల గాల్లో వేలాడుతుందండి."

పూలజడ పిల్ల కిసుక్కున నవ్వి, తల్లి చూపు చూసి నోరు మూసుకుంది. ఈ మాటలన్నీ విని నాయనమ్మ చేట పక్కన పెట్టింది.

"తీసెయ్యమ్మా నన్ను. మా పిల్లకి మంచిది కాదు. నేనెందుకు దాంట్లో?" అంది. చాలా మామూలుగా అంది. అలా అనడం ఆవిడకి ఎంత అలవాటో నాకు అప్పుడర్థమైంది.

"మీతో పాటు దీన్ని కూడా గీకాలండీ మామ్మగారూ" అన్నాను పిల్లని చూపించి.

ఆవిడ మొహం మారిపోయింది. "పసిదాన్నా? నీ చేత్తో నువ్వా? వద్దు వద్దు. ఒరే, ఆ పని చేయించావంటే నేను ఊరుకోను" అంది కొడుకుతో.

"ఇదేం తిరకాసమ్మా! ఉంచితే ఒక గొడవ, తీస్తే ఒక గొడవ!"

"అయ్యా," అన్నాను. "ఆవిడ గదిలోకి రాలేదు. మీరు గీసిన గీత ఆవిడ దాటలేదు. మీ ఇంటి పని చేసి, నా పిల్లని ఎత్తుకుని, మనవరాల్ని చూసుకుంటూ నిలబడింది. తీసింది నేను. తప్పైతే నాది. మిగతా పదకొండు ఫోటోలూ తీసుకోండి. దీన్ని మాత్రం నేను గీకను, ఇంకొకళ్ళని గీకనివ్వను."

"అయితే ఆ ఫోటో మాకొద్దు" అని నా చేతికి తిరిగిచ్చేశాడాయన.

పూలజడ పిల్ల ఏడ్చింది. జడ మొత్తం పడింది ఆ ఒక్క దాంట్లోనే. ఆ ఏడుపుకి నేను ఈ రోజుకీ బాధపడతాను. తల్లి ఏడుస్తున్న పిల్లని లోపలికి తీసుకుపోయింది.

నేను మెట్లు దిగుతుంటే నాయనమ్మ వెనకాలే వచ్చింది. "ఏదీ, నన్నో సారి చూడనియ్యి." ఇంత గొడవలో ఆవిడకి ఆ ఫోటో ఎవరూ చూపించలేదు. ఎండలోకి పట్టుకుని, కళ్ళు చికిలించి చూసింది.

"ఇంత ముసలైపోయానా నేను!" అంది. ఇంకాసేపు చూసింది. "జడ బాగా వేశారు. నేను దగ్గరుండి చూడలేదు."

"ఉంచుకోండి మామ్మగారూ."

"వాడు తిడతాడు" అని ఫోటోని చీర కుచ్చిళ్ళలో దోపుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఈ కథ ఇప్పుడు మా పేటలో వేరేలా నడుస్తోంది. నేనేదో ముసలావిడ తరఫున లేచి నిలబడ్డానంటారు. అబద్ధం ఎందుకు? నా చెయ్యి ఆగింది నా పిల్ల కోసం. ఆ చేతుల్లో వేరేవాళ్ళ పిల్ల ఉండుంటే, లేదా చేతులు ఖాళీగా ఉండుంటే, నాయనమ్మని పది నిమిషాల్లో చీకట్లో కలిపేసి, మాఘం పెళ్ళిళ్ళకి రీళ్ళు సిద్ధం చేసుకునేదాన్ని. మా వాళ్ళలో పట్టింపులు లేవని గర్వపడ్డ మనిషిని నేనే, నాలుగుసార్లు లేచి పిల్ల నుదురు పట్టుకుని చూసిన మనిషినీ నేనే. కానీ ఒకసారి ఆగాక ఆ చెయ్యి మళ్ళీ ముందుకి వెళ్ళలేదు. అంతకుముందు గీకిన వాళ్ళంతా గుర్తొచ్చారు. వాళ్ళెవరి చుట్టాలో, ఎవరి చేతుల్లో ఎవరున్నారో నేనెప్పుడూ చూడలేదు.

మాస్టారు కెమెరా తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశారు.

"నెగటివ్ ఇవ్వు. వేరేవాడితో చేయిస్తా."

"ఇవ్వనండి."

"అది స్టూడియోది."

"అవునండి. దొంగతనమే అనుకోండి. ఇవ్వను."

"బల్ల కూడా పోతుందమ్మా."

"తెలుసండి."

"ఫోటో బాగా తీశావు" అన్నారు చివరికి. వెంటనే "ఇక వెళ్ళమ్మా" అని తలుపు వైపు చూపించారు. రెండూ ఒకే గొంతుతో అన్నారు.

ఆ మాఘం పెళ్ళిళ్ళు వేరేవాళ్ళు తీశారు. బజార్లో బ్యాండు వినపడినప్పుడల్లా నాకు కడుపు మండింది. ఎండలు ముదిరేసరికి మా ఆయన షెడ్డుకి వచ్చే ఒక లారీ ఓనరు ఇంట్లో మూలపడ్డ పాత కెమెరా దొరికింది. రీలు తిప్పే మర విరిగిపోయి ఉంది. ఆటోనగర్ లేతు మిషను మీద ఇత్తడితో కొత్తది చేయించారు మా ఆయన. లారీకి వేసినట్టే ఉంటుంది, తిప్పితే బొటనవేలు నొప్పెడుతుంది. పని మాత్రం చేస్తుంది.

ఇప్పుడు నన్ను పిలిచేవాళ్ళు నేరుగా మా ఇంటికే వస్తారు. సీమంతాలు, ఓణీలు, బారసాలలు. ఎవరొచ్చినా ముందే చెబుతాను: "ఫోటోలో ఎవరు పడితే వాళ్ళు ఉంటారండి. నేను గీకను." చాలామంది ఆలోచించుకుని చెబుతామని వెళ్ళిపోతారు, మళ్ళీ రారు. అలా ఎవరైనా వెళ్ళిన ప్రతిసారీ మా అత్తగారు "ఆ ముక్క చివర్లో చెప్పకూడదా, కొంపలంటుకుంటాయా?" అంటారు. చెప్పకూడదు. ముందే చెబుతాను. రానివాళ్ళు రాకపోతే పోనీ. మొత్తం పెళ్ళి ఇంకా ఒక్కటీ రాలేదు. వస్తుంది. రాకపోతే ఎందుకు రాదో చూస్తాను.

పోయిన వారం మా వీధి చివర ఇంట్లో సీమంతం. అక్కడా అద్దం, పూలజడ. గడప అవతల ఆ ఇంటి పెద్దత్తగారు, తెల్లచీర. కోడలు నా చెవి దగ్గరకొచ్చి "ఆవిడ పడతారేమోనండీ అద్దంలో, కాస్త చూసుకోండి" అంది.

"అక్కడ వెలుతురు సరిపోదండి. ఆవిణ్ణి లోపలికి రమ్మనండి" అన్నాను, అందరికీ వినపడేటట్టు.

ఆ పెద్దావిడ తల అడ్డంగా ఊపింది. రానంది. ఎవరూ బలవంతం చేయలేదు, నేనూ చేయలేదు. స్టాండు ఎత్తుకుని రెండడుగులు పక్కకి వేసి, గుమ్మం మొత్తం అద్దంలో పడేలా పెట్టుకున్నాను. నా పిల్ల నా చీర కుచ్చిళ్ళు పట్టుకుని నిలబడింది. సీమంతం అమ్మాయిని ఊపిరి బిగబట్టమన్నాను. అద్దంలో ఆ పెద్దావిడ కూడా ఊపిరి బిగబట్టడం చూసి, నొక్కాను.